పీటీ టీచరూ, ఎర్ర పడవా

మొన్న మా వంటింటి ద్వారబంధం బాగు చేయడానికి వడ్రంగి వచ్చాడు. అడుగున కాస్త మెత్తబడింది, జానెడు ముక్క కోసి అతుకు వేస్తే సరిపోతుందన్నాడు. నేను అతని సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, తిరగేసి, పిడితో ద్వారబంధాన్ని కింది నుంచి పైకి తట్టుకుంటూ పోయాను. నడుము ఎత్తు దాకా 'దబ్ దబ్' మంది. ఆ పైన 'టక్' మని పలికింది.

"ఇక్కడిదాకా పోయింది, చూడు" అన్నాను.

అతను నమ్మలేదు. ఉలి ఆనించి నొక్కాడు. గట్టి పెరుగులో చెంచా దిగినట్టు దిగింది.

"ఏడ నేర్చుకున్నరమ్మా?" అన్నాడు.

"మా స్కూల్ల పీటీ టీచర్ దగ్గర."

వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వేశాడు. నేను మాత్రం ఆ పూటంతా ఆమెతోనే ఉండిపోయాను. ఆమె ఉద్యోగ విరమణ అయ్యాక నర్సాపురం వెళ్ళిపోయి అక్కడే కన్నుమూసింది. కబురు అందేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. అప్పుడు రాని ఏడుపు, మొన్న ద్వారబంధం దగ్గర రాబోయి, నవ్వుగా మారింది. ఆమె గురించి తలుచుకుంటే ఎవరికైనా అంతే.

ఆమెను నేను మొదటిసారి చూసినప్పుడు స్టాఫ్ రూములో కుర్చీ మీద నిలబడి, ఫ్యాను రెక్క మీద ఇరుక్కున్న షటిల్ కాక్ తీస్తోంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకి దోపుకుంది. కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు. తలుపు దగ్గర తటపటాయిస్తున్న నన్ను చూసి, "కొత్త తెలుగు పంతులమ్మేనా? రండి రండి రండి, వచ్చి ఈ కుర్చీ పట్టుకోండి" అంది. అదే మా పరిచయం. నా పేరు అడగలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళు కలిసి పనిచేసినా నన్ను "పంతులమ్మా" అనే పిలిచింది. నేను ఆమెను "టీచర్" అనే పిలిచాను. ఇప్పుడు కూడా ఆమె పేరు రాయాలని నాకు అనిపించడం లేదు. మా మధ్య దాని అవసరం రాలేదు.

ఏ మాటైనా ఆమె మూడుసార్లు అనేది. బావుంది బావుంది బావుంది. పదండి పదండి పదండి. ఒకసారి అంటే సరిపోదా టీచర్ అని అడిగితే, "మొదటిది వినపడదండి, రెండోది అర్థం కాదు, మూడోదానికి కదుల్తారు. ముప్ఫై మంది పిల్లల్ని ఎండలో నిలబెట్టి చూడండి, తెలుస్తుంది" అంది.

ఏ పని మొదలుపెట్టినా "ముందు ఒళ్ళు వేడెక్కాలి" అనేది. ఆటలకే కాదు. పరీక్షల డ్యూటీకి వెళ్ళేముందు వరండాలో నా చేత భుజాలు తిప్పించేది. స్టాఫ్ మీటింగుకి ముందు మునివేళ్ళ మీద నిలబడి మడమలు దించేది. ఆదివారం చర్చిలో పాట మొదలయ్యేలోపు ఆడవాళ్ళ వరస మొత్తాన్నీ మెడలు కుడికీ ఎడమకీ వంచమనేదని వాళ్ళ వీధివాళ్ళు చెప్పేవారు. ఒకసారి మోండా మార్కెట్లో ఉల్లిపాయల సంచి ఎత్తబోతున్న ముసలి హమాలీని ఆపి, "ఆగండాగండాగండి, నడుం అలా వంచకూడదు" అని మోకాళ్ళ మీద ఎలా కూర్చోవాలో దారి మధ్య కూర్చుని చూపించింది. అతను ఆమెనీ, ఆమె బూట్లనీ, చుట్టూ మూగిన జనాన్నీ చూసి, సంచి అక్కడే వదిలి బీడీ ముట్టించుకున్నాడు.

సంతోషం ఆమె ఒంట్లో నిలిచేది కాదు. మా స్కూలు అమ్మాయి ఒకతి జిల్లా పోటీల్లో హైజంప్‌లో మూడో స్థానంలో వస్తే, ఈమె వెళ్ళి రెఫరీని అమాంతం ఎత్తేసింది. ఆయన టోపీ పడిపోయింది. బహుమతి తెచ్చిన పిల్ల బిక్కచచ్చిపోయి చూస్తోంది.

అలాంటి మనిషికి ఒక పడవ వచ్చిపడింది.

మా స్కూల్లో తొమ్మిదో తరగతి చదివే సునీత మంచి ఈతగత్తె. వాళ్ళ నాన్న యాదగిరి సేటుకి బోయిగూడలో పెద్ద టింబర్ డిపో ఉండేది. నీటి ఆటల క్లబ్బు ఒకటి మూతపడుతుంటే అక్కడి సామానుతో పాటు ఒక పాత స్కీ పడవ కూడా ఆయన చేతికి వచ్చింది. పడవ వేగంగా లాగుతుంటే తాడు పట్టుకుని, కాళ్ళకి రెండు పొడుగాటి పలకలు కట్టుకుని నీళ్ళ మీద నిలబడి పోతారే, ఆ ఆట కోసం చేసిన పడవ. సేటు దానికి ఎర్రరంగు వేయించి, లోపల కొత్త తివాచీ పరిపించి, "ఇది స్కూలుకే ఇస్త. మా బిడ్డతోపాటు మిగతా పిల్లలు సుత నేర్చుకుంటరు" అని ప్రిన్సిపల్ మేడమ్‌తో చెప్పాడు. షామీర్‌పేట చెరువులో నడపడానికి అనుమతి కూడా తనే తెచ్చుకున్నాడు.

ఆ మాట విన్నప్పుడు మా టీచరు స్టాఫ్ రూములో వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. చేతిలోవన్నీ కిందపోసి లేచి నిలబడింది. మాట్లాడటం మొదలుపెట్టింది, ఇక ఆగలేదు. ఎంతమంది పిల్లల్ని తీసుకుంటుందో, ఏ పిల్లకి మోకాళ్ళ బలం చాలదో, వేసవి సెలవుల్లో పొద్దున్నే ఎన్నింటికి బస్సు కదలాలో సాయంత్రం గంట కొట్టేలోపు అంతా తేల్చేసింది. ప్రిన్సిపల్ మేడమ్ ఒక పెద్దమనిషిని పిలిచి పడవ ప్రారంభోత్సవం పెడదామని ఆహ్వానపత్రాలు కొట్టించింది.

విశాఖపట్నంలో చేపల రేవు దగ్గర పడవలు బాగుచేసే పనిలో ఉన్న అన్నయ్య ఒకాయన ఉన్నాడు ఆమెకి. ఆ శుభవార్త ఆయనకి చెప్పాలని నన్ను వెంటబెట్టుకుని మెట్టుగూడలో మా వీధి చివరి ఎస్టీడీ బూతుకి వచ్చింది. అద్దాల గదిలో ఆమె గెంతుతూ మాట్లాడటం బయటికి కనిపిస్తోంది. ఉన్నట్టుండి గెంతడం ఆగింది. చాలాసేపు విని, బయటికి వచ్చింది.

"అన్నయ్య ఒకటే అడిగాడు పంతులమ్మా. పాతదైతే లోపలి చెక్క చూశావా అన్నాడు."

"చెక్క ఏందీ? ఫైబర్ పడవ గదా?"

"పైకే ఫైబరు. లోపల నేల కింద ఆ చివర్నించి ఈ చివరిదాకా పొడుగాటి చెక్క దూలాలుంటాయంట. ఇంజను వాటిమీదే బిగిస్తారు. తాడు కట్టే గుంజ కూడా దానికే. స్క్రూ కన్నాల్లోంచి నీళ్ళు దిగినాయంటే బయటికి వచ్చే దారి ఉండదు. ఎండదు. లోపల్లోపలే కుళ్ళుద్ది. పైన రంగు చూస్తే పెళ్ళికూతురులా ఉంటదంట, ఏం లాభం?"

ఎలా పరీక్షించాలో కూడా ఆయన చెప్పాడట. ఇక అప్పటినుంచీ మా స్కూల్లో చప్పుళ్ళు మొదలయ్యాయి. మంచి చెక్క ఎలా పలుకుతుందో, పుచ్చింది ఎలా పలుకుతుందో చెవికి అలవాటు కావాలని, స్క్రూడ్రైవరు పిడితో కనిపించిన ప్రతిదాన్నీ తట్టేది. బీరువాలు, బల్లలు, కిటికీ రెక్కలు. నేను ఎనిమిదో తరగతికి శతక పద్యం చెబుతుంటే వెనక బెంచీల దగ్గర టక్ టక్ మని వచ్చి వెళ్ళేది. స్టేజీ కింద తట్టి, దూరి, ఒళ్ళంతా సాలెగూళ్ళతో బయటికి వచ్చి, "చెదలు చెదలు చెదలు! వార్షికోత్సవం ఇక్కడ చేయకండి!" అని అరిచింది. నిజంగానే చెదలు. అంతకు రెండు నెలల ముందే దాని మీద పిల్లలందరూ కోలాటం వేశారు. అదే ఊపులో ప్రిన్సిపల్ మేడమ్ బల్ల కూడా పుచ్చిందని తేల్చింది కానీ, అది పుచ్చు కాదు, సొరుగు. సొరుగు మీద తడితే అలాగే పలుకుతుంది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరం బోయిగూడ డిపోకి వెళ్ళాం. కోత మిషన్ల రొద, తాజా టేకు వాసన, అడుగు తీస్తే పొట్టు. రేకుల షెడ్డులో ట్రాలీ మీద ఉంది పడవ.

నాకు పడవల గురించి ఏమీ తెలియదు. అయినా అది చూసి నా గుండె కూడా ఎగిరింది. ఎర్రగా, పల్చగా, ముక్కు పైకెత్తి, నిలబడ్డచోటే పరిగెడుతున్నట్టుంది. పక్కన తెల్ల చార. మా టీచరు షెడ్డు గుమ్మంలో ఆగి చేతులు జోడించింది. తర్వాత గబగబా వెళ్ళి దాని ముక్కు మీద ముద్దు పెట్టుకుంది. అదే సేటు కంటపడింది. ఆయన మురిసిపోయాడు.

"ఎట్లుంది టీచరమ్మా?"

"బావుందండి బావుందండి బావుంది! ఒక్క గంట ఇవ్వండి సార్, కొంచెం తడిమి చూసుకుంటాను."

"గంట ఏందమ్మా, దినమంత చూసుకోరి. మీదే ఇగ."

ముందు ఒళ్ళు వేడెక్కించుకుంది. నాతో కూడా భుజాలు తిప్పించింది. డిపో కూలీలు పని ఆపి చూశారు. బూట్లు విప్పి, వట్టి కాళ్ళతో పడవలోకి ఎక్కి, మడమల మీద బరువేసి అంగుళం అంగుళం నడిచింది. ముందు భాగం గట్టిగానే ఉంది. ఇంజను పెట్టె పక్కకి వచ్చేసరికి ఆగింది. వెనక్కి ఒక అడుగు వేసింది, మళ్ళీ ముందుకి వేసింది.

"పంతులమ్మా, మీరు ఎక్కండి. ఇక్కడ నిలబడండి."

ఎక్కి నిలబడ్డాను. కొత్త తివాచీ కదా, మెత్తగానే ఉంటుందనుకున్నాను. కానీ అది తివాచీ మెత్తదనం కాదు. తడి ఇసుక మీద నిలబడ్డట్టు కాలి కింద ఏదో సర్దుకుంది.

ఆమె ఇంజను పెట్టె తెరిచి, పడుకుని, నేల కిందికి చేయి పోనిచ్చి తట్టడం మొదలుపెట్టింది. టక్. టక్. దబ్. దబ్. దబ్. అటు పక్కకి మారి తట్టింది. అదీ దబ్బే. ఏదో పాట కూనిరాగం తీస్తూ వచ్చింది అప్పటిదాకా. పాట ఎప్పుడు ఆగిందో గమనించలేదు నేను. ఇంజనుని దూలానికి బిగించిన బోల్టు మీద పానా పెట్టి తిప్పింది. బిగుతుగా ఉండి మొరాయించాలి అది. పప్పు గుత్తి తిప్పినట్టు తిరిగింది. తిరుగుతూనే ఉంది.

"మీరు తిప్పండి" అంది నాతో. తనే తప్పు చేస్తోందేమోనని ఆశ. నేను తిప్పాను. నా చేతిలోనూ అలాగే తిరిగింది.

నడుమనున్న ఇనుప గుంజని రెండు చేతులా పట్టుకుని ఊపింది. తాడు కట్టేది దానికే. పిల్లల బరువంతా లాగేది అదే. గుంజతో పాటు దాని చుట్టూ నేల కూడా లేచి పడింది.

ఆమె గుంజని కావిలించుకుని అలాగే కూర్చుండిపోయింది. ముఖం నాకు కనిపించకుండా అటు తిప్పుకుంది.

సేటు చాయ్ తెప్పించి పట్టుకొచ్చాడు. "ఏమైందమ్మా, గట్ల కూసున్నరు?"

"సార్..." అని దిగి, బూట్లు వేసుకుని, తాళ్ళు ముడేసుకుని, అప్పుడు చెప్పింది. "లోపల చెక్క పోయిందండి. దీనికి పిల్లల్ని కట్టకూడదు."

యాదగిరి సేటు మొదట నవ్వాడు. తర్వాత చుట్టూ చూశాడు. కూలీలు వింటున్నారు.

"టీచరమ్మా, చిన్నప్పటి సంది కట్టెల నడుమ్నే పెరిగిన. కండ్లు మూసుకొని ఏది టేకో, ఏది మద్దో చెప్త. నా డిపోల నిలబడి నాకే కట్టె సంగతి చెప్తరా?"

"మీకు కనపడే చెక్క సంగతి తెలుసండి. ఇది కనపడదు. ఒక చిన్న కన్నం పెట్టనివ్వండి. వచ్చే పొట్టు చూస్తే మీకే తెలిసిపోద్ది."

"కొత్త రంగేయించి కన్నం పెట్టాల్నా? ప్రేమతోని ఇస్తుంటే గిట్ల పేర్లు పెడ్తరా? వద్దంటే వద్దనుండ్రి, అయిపాయె!"

చాయ్ గ్లాసులు ట్రాలీ చక్రం మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాడు.

సోమవారం ప్రిన్సిపల్ మేడమ్ గదిలో ఏం జరిగిందో నాకు వరండాలోకే వినపడింది. మా టీచరుకి నెమ్మదిగా మాట్లాడటం రాదు. ఆహ్వానాలు పంచేశాం, వచ్చే పెద్దమనిషికి ఏం చెప్పాలి, ప్రారంభోత్సవం కానిచ్చి తర్వాత చూసుకుందాం అని మేడమ్ అంటోంది.

"ప్రారంభోత్సవానికి నన్ను ఎక్కించండి మేడమ్. నన్ను ఒక్కదాన్నీ కట్టి లాగండి, వస్తాను. పిల్లలు వద్దు. పిల్లలు వద్దు. పిల్లలు వద్దు."

మూడుసార్లూ ఒకే గొంతుతో అంది. సంతోషం పట్టలేక ఎంత గట్టిగా అరిచేదో, కాదన్నప్పుడు కూడా అంత గట్టిగానే అంది. ఆమెకి రెండు గొంతులు లేవు.

కార్యక్రమం ఆగిపోయింది. మేడమ్ ఆమెతో మాట్లాడటం మానేసింది. సునీత స్కూలుకి వచ్చింది కానీ, మైదానంలోకి మాత్రం రాలేదు. స్టాఫ్ రూములో కొందరు, దానమిచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టినట్టుంది ఈవిడ వ్యవహారం అన్నారు. ఆమె వేరుశెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది కానీ తినడం లేదు. ఒలిచినవన్నీ నా వైపు తోస్తోంది.

"టీచర్, మీ మాట తప్పయితది అనుకుంటున్నరా?" అని అడిగాను.

"తప్పవ్వాలనే కోరుకుంటున్నానండి. నాకంటే ఆ పడవ కావాలనుకున్నవాళ్ళు ఎవరున్నారు?" అంది. ఒళ్ళో పొట్టు దులుపుకుని లేచింది. "పదండి. ఇంకోసారి అడుగుదాం. ఆయన నన్ను తిడితే తిట్టనివ్వండి, కన్నం మాత్రం పెట్టనివ్వాలి."

ఈసారి సేటు కుర్చీ చూపించలేదు. దుంగల మీద సుద్దతో గుర్తులు పెట్టుకుంటూ పోతున్నాడు. ఆమె వెనకే నడుస్తూ మాట్లాడింది. నేను అంతకుముందు ఎన్నడూ వినని సంగతి చెప్పింది.

"మా నాన్న నర్సాపురంలో లాంచీ నడిపేవాడండి. నాకు పన్నెండేళ్ళో పదమూడో. పక్కింటి వడ్రంగి ఎండబెట్టుకున్న పలక ఒకటి ఎత్తుకొచ్చి, లాంచీ వెనక తాడు కట్టి, నాన్న చూడకుండా కాలవలో దాని మీద నిలబడ్డాను. లాంచీ కదిలింది. నేను నిలబడ్డాను సార్! నీళ్ళ మీద! రెండు గట్ల మీదా జనం, బట్టలుతికేవాళ్ళు, గేదెల్ని కడిగేవాళ్ళు అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. పడ్డాక నాన్న బెల్టుతో కొట్టాడు. ఆ దెబ్బలు గుర్తులేవండి. నిలబడ్డది గుర్తుంది. అది మన పిల్లలకి ఇద్దామనుకున్నాను. మీరు పడవ ఇస్తానన్న రోజు రాత్రి నిద్రపోలేదు. మీరిచ్చింది వద్దంటానా? చెప్పండి, నా అంతట నేను వద్దంటానా?"

సేటు నడక ఆపాడు. సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

"డ్రిల్లు తేండ్రా" అన్నాడు.

తనే పట్టుకున్నాడు. ఆమె చూపించిన చోట, ఇంజను కింద ఎవరికీ కనపడని మూల ఆనించి తిప్పాడు. ముందు తెల్లటి ఫైబరు పొడి రాలింది. ఆ తర్వాత పసుపుపచ్చ పొట్టు రావాలి. రాలేదు. కన్నంలోంచి నల్లటి నీళ్ళు కారాయి. బయటికి తీస్తే డ్రిల్లు మొనకి ఊరిన రాగి అంబలి లాంటిది పట్టుకుని ఉంది. సేటు దాన్ని వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

ఆ వాసన ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"సచ్చిన కట్టె" అన్నాడు.

వెళ్ళి ట్రాలీ అంచు మీద కూర్చున్నాడు. చెయ్యి తుడుచుకోలేదు. "పోయిన ఐతారం ట్రయల్ కొట్టినం టీచరమ్మా. నా బిడ్డ గీ పడవలనే కూసున్నది. ఇంకా తేజ్ పో నాయనా అన్నది. నేను పోయిన." మళ్ళీ అన్నాడు, "నేను పోయిన."

మా టీచరు ఆయన ముందు గొంతుక్కూర్చుంది. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె చప్పట్లు కొట్టింది. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పేముందు అలా కొట్టేది.

"సార్! చుట్టూ చూడండి. మీ దగ్గర ఇంత చెక్క ఉంది. కుళ్ళింది తీసేసి మంచిది పెడదాం!"

సేటు తల ఎత్తాడు. నిజంగానే చుట్టూ చూశాడు, తన డిపోని తనే మొదటిసారి చూస్తున్నట్టు. వరసలు వరసలుగా, షెడ్డు కప్పుదాకా చెక్క.

"పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు పెట్టొచ్చు పెట్టొచ్చు! అన్నయ్య చెప్తాడు!"

ఆ సాయంత్రమే తివాచీ లేచింది. నేల కోశారు. లోపల దూలాలు ఉండాల్సినచోట నల్లటి ముద్ద. చేత్తో తీస్తే చేతికి వచ్చేసింది. ఆమె చీర కొంగు బిగించి, చేతులు మోచేతుల దాకా దింపి తోడింది. సేటు చొక్కా విప్పేసి పక్కన కూర్చుని తోడాడు. జెర్రులు బయటపడ్డాయి. ఒక మూల కప్ప ఒకటి హాయిగా కాపురముంటోంది. "చూశారా సార్, మనకన్నా ముందే కనిపెట్టింది ఇది!" అని ఆమె కప్పని దోసిట్లో పట్టుకుని అందరికీ చూపించింది. సునీత ఆ రోజే మళ్ళీ ఆమెతో మాట్లాడింది. మాట్లాడటమంటే, కప్పని చూసి కెవ్వున అరిచింది.

ఆ వేసవి అలా గడిచింది. సాయంత్రాలు ఎస్టీడీ బూతు దగ్గర లైను కోసం నిలబడటం, అన్నయ్య చెప్పింది ఆమె నాకు చెప్పడం, నేను సేటుకి చెప్పేలోపు ఆమే అరిచి చెప్పేయడం. టేకే పెడతానని సేటు పట్టుబట్టాడు. ఏ చెక్కైనా ఫరవాలేదు కానీ బాగా ఎండాలి, నాలుగు పక్కలా రెజిను జిగురు పట్టాలి, ప్రతి స్క్రూ కన్నంలోనూ పట్టాలి, చుక్క నీరు దూరకూడదు అని విశాఖపట్నం నుంచి ఉత్తరువు. సేటు ప్రతి దూలాన్నీ తనే ఏరాడు. నచ్చనిదాన్ని పక్కన పడేసి కూలీల మీద విసుక్కున్నాడు. రెజిను ఘాటుకి కళ్ళు మండేవి. ఒక్కో దూలం బిగించాక ఆమె స్క్రూడ్రైవరు పిడి సేటు చేతికే ఇచ్చేది. ఆయన తట్టేవాడు. టక్ మనగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అరవైకి దగ్గరపడుతున్న ఆ మనిషీ, యాభై దాటిన ఈమే, కొత్త గంట దొరికిన పిల్లల్లా ఉండేవారు.

పెద్దమనుషులూ రిబ్బన్లూ లేకుండానే ఒక పొద్దున షామీర్‌పేట చెరువుకి వెళ్ళాం. నలుగురు పిల్లలు, సేటు, నేను, ఆమె. చెప్పకుండానే ప్రిన్సిపల్ మేడమ్ కూడా ఆటోలో దిగింది. గొడుగు వేసుకుని గట్టు మీద దూరంగా నిలబడింది. మా టీచరు ట్రాక్ ప్యాంటూ పొడుగు చేతుల చొక్కా మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ వేసుకుని, ఒడ్డున పిల్లల్ని వరసగా నిలబెట్టింది.

"మొదట నేను వెళ్తాను. మీ బరువు మోస్తుందో లేదో నా బరువుతో తెలిసిపోద్ది. ఇంజను రొదలో మాట వినపడదు. ఒక్కటే గుర్తు. చెయ్యి ఎత్తితే ఆపమని. ఏంటి?"

"ఆపమని టీచర్!"

సేటు నడపడానికి కూర్చున్నాడు. వెనక్కి చూస్తూ చెప్పడానికి సునీతని పెట్టారు. నేను నీళ్ళంటే భయం కనక పడవలో కూర్చున్నాను. ఎందుకంటే గట్టు మీద ఉంటే ఏం జరుగుతోందో కనపడక ఇంకా భయం.

ఆమె నీళ్ళలో మోకాళ్ళు ముడుచుకుని, పలకల ముక్కులు పైకి పెట్టి, తాడు పిడి పట్టుకుంది. పడవ ఉరికింది. ఆమె ముందుకి బోర్లాపడింది. మళ్ళీ. ఈసారి పక్కకి పడింది. మళ్ళీ. నీళ్ళు మింగింది, దగ్గింది, ఒక పలక ఊడిపోతే ఈదుకుంటూ వెళ్ళి తెచ్చుకుంది. "చాలు టీచరమ్మా, ఇయ్యాల్టికి చాలు" అని సేటు బతిమాలాడు. నడుమనున్న గుంజని నేను చేత్తో పట్టుకునే ఉన్నాను. ప్రతిసారీ పడవ ఉరికినప్పుడు అది వణికింది కానీ కింద నేల కదల్లేదు. రాయిలా ఉంది.

ఇంకోసారి పడవ ఉరికింది. తాడు బిగిసింది. నీళ్ళలోంచి ముందు నారింజ రంగు జాకెట్ లేచింది, తర్వాత నడుము, తర్వాత వంగిన మోకాళ్ళు. ఆమె కూర్చున్నట్టే కొంతదూరం వచ్చి, నెమ్మదిగా, నెమ్మదిగా నిటారుగా అయింది.

నిలబడింది!

నేను అరిచాను. ఏం అరిచానో తెలియదు. సేటు వెనక్కి తిరిగి చూసి, పడవ నడుపుతున్నది తనేనన్న సంగతి మరిచిపోయి, "అరె వా, అరె వా" అంటున్నాడు. గట్టు మీద ప్రిన్సిపల్ మేడమ్ గొడుగు గాలికి తిరగబడితే దాన్ని పట్టించుకోకుండా చప్పట్లు కొడుతోంది. పిల్లలు గట్టు వెంట పరిగెడుతున్నారు. ఆమె వెనక నీళ్ళు రెండు తెల్లటి రెక్కల్లా లేస్తున్నాయి. ఆమె నోరు ఇంత తెరిచి ఏదో అరుస్తోంది. వినపడటం లేదు. ఆ మొహం మాత్రం నాకు కనిపిస్తోంది. అలాంటి మొహాన్ని నేను మళ్ళీ చూడలేదు.

అంతలో ఆమె ఒక చెయ్యి వదిలి, ఆకాశంలోకి ఎత్తింది.

"నాయనా, ఆపు! చెయ్యెత్తింది!" అని సునీత గట్టిగా అరిచింది. సేటు కంగారుపడి ఇంజను తగ్గించేశాడు. తాడు వదులైంది. ఆమె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా, నిలువునా, నింపాదిగా నీళ్ళలోకి దిగిపోయింది.

పడవ తిప్పుకుని వెళ్ళాం. ఆమె జుట్టు నిండా నాచుతో తేలుతూ మండిపడుతోంది.

"ఎవరండీ ఆపమన్నది?"

"మీరే టీచర్, చెయ్యెత్తిన్రు గదా" అంది సునీత బిక్కుబిక్కుమంటూ.

"అది ఆపమని కాదే అమ్మాయ్!" అంది ఆమె. దగ్గు వచ్చింది, నవ్వు వచ్చింది, రెండింటి మధ్యా ఊపిరాడలేదు. పడవ అంచు పట్టుకుని మా ముగ్గురి మొహాల్లోకీ చూసింది. తర్వాత తాడు పిడి వెతుక్కుని మళ్ళీ రెండు చేతులా పట్టుకుంది.

"పట్టలేక ఎత్తానండి. పోనివ్వండి పోనివ్వండి పోనివ్వండి!"